అక్క దిగిన మెట్లు

పోయిన వారం నంద్యాలలో ఒక కొత్త నాటక బృందానికి కంప్యూటర్లో రంగస్థలం ప్లాను గీస్తూ, మెట్ల బ్లాకును తెచ్చి పెట్టగానే నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. బ్లాకు అంటే పెద్ద విద్యేమీ కాదు. మెట్లో, కుర్చీయో, తలుపో ఒక్కసారి గీసి దాచుకుంటే ఎన్ని రంగాల్లోనైనా వాడుకోవచ్చు. ఒకచోట కొలత మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ఈ సుఖం మరిగాక మా బావ నాటకాలన్నిటికీ నేనే ప్లాన్లు గీసేవాణ్ణి. బావ దర్శకుడు, మా అక్క నటి. ఆ ఇంట్లో అన్నం కంటే రిహార్సలే ఎక్కువ ఉడికేది.

కొన్నేళ్ల కిందట అక్క చూపు పక్కల నుంచి మూసుకు రావడం మొదలైంది. ఎదుటి మొహం కనిపించేది, కాళ్ల దగ్గరి మెట్టు కనిపించేది కాదు. అయినా వేషం మానలేదు. నా ప్లాను ప్రకారం మిద్దె మీద సామాన్లు సర్దించుకుని, నడిచి నడిచి కాళ్లకు కంఠతా పట్టించింది. తీరా ప్రదర్శన రోజు పొద్దున ఆళ్లగడ్డ పోయి చూస్తే, వేదిక మాకు చెప్పినంత లోతు లేదు. మెట్లు కుదించక తప్పలేదు. ల్యాప్‌టాప్‌లో బ్లాకు మార్చగానే అన్ని రంగాల్లోనూ మెట్లు చటుక్కున మారిపోయాయి. వడ్రంగి రంపం అందుకున్నాడు. అక్క మొహం పాలిపోయింది.

“నీ కంప్యూటర్లో ఒగ తూరి మారిస్తే అన్నీ మారతాయిలే అబ్బీ. నా కాళ్లకు ఎవురు చెప్తారు?” అంది.

బావ “ఆపేద్దాం” అన్నాడు.

“ఈ పొద్దు ఆపితే నేను మళ్లా స్టేజీ ఎక్కేది ఉండదు,” అని ఆయనకు చెప్పి, నా వైపు తిరిగి, “ఏందీ, అట్ల చూస్తాండావ్? చెయ్యి పట్టుకో” అని గద్దించింది. అన్నం కూడా మాని, కొత్త మెట్ల మీద వట్టి కాళ్లతో ఎక్కుతూ దిగుతూనే ఉంది. పాదానికి తగిలేలా అంచుల వెంట పురికొస అంటించాను.

సాయంత్రం పక్క తెర వెనక నిలబడి అక్క కాళ్లనే చూస్తున్నాను. అంచు దగ్గర ఆమె పాదం గాలిలో తడుముకుంది. పురికొస తగిలింది, దిగింది. హమ్మయ్య అనుకునేలోగా, తోటి నటుడు జరిపిన కుర్చీకి మోకాలు కొట్టుకుంది. పడిందనే అనుకున్నాను. ఆమె కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా కూలబడి, నిలబడి చెప్పాల్సిన మాటను కూర్చునే చెప్పింది. కొడుకు మీద ఆశ వదులుకున్న తల్లి మాట అది. హాలంతా చప్పట్లతో మోగిపోయింది.

తెర పడ్డాక అడిగింది: “ఆ కుర్చీ నీ బొమ్మలో యాడ ఉండాల?”

“మెట్లకు ఇంకొంచెం ఎడంగా.”

“బొమ్మ మార్చు. ఆడనే బాగుండాది.”

అక్క వేషాలు మానేసి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా మెట్లు దిగుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. కాలం గడిచిపోయిన సంగతి భయానికి తెలియదు కాబోలు.