సేఫ్టీ గురించి చెప్పబోయి స్కూటీ పోగొట్టుకున్నా

నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వేయండక్కా, తర్వాత టీ మీద పోసుకుంటారు. శనివారం నా లైవ్ సగం ఊరు చూసేసింది. చూడనోళ్లకు నా నోటితోనే చెప్తా, వేరేవాళ్లు చెప్తే ఇంకో రెండు కలుపుతారు.

నేను కార్పొరేటర్ అయి రెండేండ్లు. అంతకుముందు ఇరవై ఏండ్లు టీచర్ పని. నోరు ఊరుకుంటుందా? నెలకొకసారి వార్డు అప్‌డేట్ అని ఫేస్‌బుక్కులో లైవ్ పెడతా. చూసేది మా ఆయన, మా చెల్లెలు, ఇంకెవరో ఇన్సూరెన్స్ ఏజెంటు. ఈసారి టాపిక్కు పెద్దది: వార్డు సేఫ్టీ, సిటీ బస్సులు. కొత్త బస్ షెల్టర్ కాడ నిలబడి చెప్తే కళగా ఉంటుందని పోయినాం.

స్కూటీ షెల్టర్ ముందరే పెట్టినా.

"ఈడ నో పార్కింగ్ బోర్డు ఉండాదే," అన్నాడు మా ఆయన జయరాజు.

"ఐదు నిమిషాల పని. నువ్వు ఫోను సరిగ్గా పట్టుకోప్పా!"

మొదలుపెట్టినా. "ప్రియమైన వార్డు ప్రజలారా! జంక్షన్‌లో సీసీ కెమెరా పెట్టించాను. ఇక భయం లేదు. మీ బండి ఎక్కడ పెట్టినా భద్రమే!" అంతలో బస్సు వస్తాండాది. "అదిగో, ఇకమీదట ప్రతి బస్సూ ఇక్కడే ఆగుతుంది," అని చెయ్యి చాపినా.

బస్సు నా చెయ్యి పక్కనే సర్రున పోయింది!

షెల్టర్‌లో మా బీది సుంకమ్మవ్వ కూర్చోనుండాది. "ఈడ ఆగదమ్మా," అనె. "అవతల మస్తాన్ మెకానిక్ షాపు కాడ ఆగుతాది. నేను నీడ కోసం కూర్చున్నా, అంతే."

నాకు రోషం వచ్చింది. లైవ్ ఆపకుండానే రోడ్డు దాటి మస్తాన్‌ని అడిగినా, "ఏంది సమస్య? ప్రజలకు చెప్పు."

"షెల్టర్ ముందర గుంత ఉండాది మేడమ్, అందుకే డ్రైవర్లు ఆపరు," అన్నాడు. అంతటితో ఆగొచ్చు కదా? "పూడ్పించమని మీకే అర్జీ ఇచ్చింటిమి. ఆర్నెల్లాయె."

"పరిశీలనలో ఉంది," అని వెనక్కి తిరిగినా. రోడ్డు దాటి వస్తే స్కూటీ లేదు!

"దొంగలు! నా స్కూటీ! పట్టుకోండి!" ఏ దొంగను పట్టుకోవాల్నో తెలీదు, అరుస్తాండా. పోలీసులకు ఫోన్ కొడితే పది నిమిషాల్లో జీపు దిగింది. కుర్ర ఎస్సై, కన్నడమాయన, మంచి మర్యాదస్తుడు. నేనే గర్వంగా, "సీసీ కెమెరా ఉండాది కదా, చూడండి," అన్నా.

చూసినాడు. ఫోన్‌లో ఫుటేజీ తెప్పించుకొని చూసినాడు. తర్వాత నా ముఖం చూసినాడు. మళ్లీ ఫోన్ చూసినాడు.

కెమెరా నిండా నా పండ్లే అక్కా! నా పుట్టినరోజు ఫ్లెక్సు సరిగ్గా కెమెరాకు అడ్డంగా కట్టినారు. జంక్షన్‌లో ఏం జరిగినా రికార్డయ్యేది నా చిరునవ్వు ఒక్కటే.

ఎస్సై ఇంక ఏం చేసేది లేక సుంకమ్మవ్వని, ఏమన్నా చూసినావా అని వాళ్ల భాషలో అడిగినాడు, "అజ్జీ, నీవేనాదరూ నోడిద్రా?"

"చూస్తి నాయనా. ట్రాఫిక్కోళ్ల లారీ వచ్చి ఎత్తుకపాయె."

"ముందే చెప్పకూడదా అవ్వా?" అన్నా నేను.

"నన్నెవరు అడిగిరమ్మా? నువ్వేమో ఒకటే మాట్లాడ్తాంటివి."

ఎస్సై బోర్డు వైపు చూసి, మెల్లగా, "మేడమ్, ఈ బోర్డు నీవే హాక్సిద్దల్వా?" అన్నాడు. అవును, పెట్టించింది నేనే. దానికి కూడా ఒక లైవ్ చేసింటి!

"ఆపేయ్ ఫోను!" అన్నా మా ఆయన్ని. "ఆపేది నాకు రాదు, ఎప్పుడూ నువ్వే కదా ఆపేది," అంటాడు. అందరూ వింటాండంగానే అవ్వ ఇంకో మాట అనె. "నా మెళ్లో గొలుసు తెంపుకపోతే మూడు దినాలైనా జీపు రాలేదు. నీకు టక్కున వచ్చె. మంచిదే లేమ్మా."

నిజం చెప్తాండా, స్కూటీ పోయినప్పుడు కూడా నాకు అంత సిగ్గు కాలేదు. ఆయమ్మ కోపంగా అనుంటే బాగుండు.

ఆదివారం నేనే నిచ్చెన వేయించి ఫ్లెక్సు పీకించినా. సోమవారం పొద్దున వెనక బీది ఆడోళ్లు ఏడెనిమిదిమంది ఇంటికి వచ్చిరి. మెచ్చుకునేకి వచ్చిరేమో అని కుర్చీలు వేయించి, కాఫీ పెట్టించినా. అందరూ తాగినాక ఒకామె గొంతు సవరించుకునె.

"మేడమ్, మా బీదిలో లైట్లు లేవు, బీట్ పోలీసు రాడు. మీరు ఒకసారి వచ్చి మా కాడ స్కూటీ పోగొట్టుకుంటారా?"

యాడ పెట్టాల్నో జాగా కూడా చూసుకొని వచ్చిరి! కోపం రాలేదంటారా, వచ్చింది. అయినా సరే అన్నా. రెండేండ్లలో నా వార్డు జనం నన్ను నమ్మి అడిగిన పని ఇదొక్కటే అక్కా. ఇదైనా నాకు బాగా వచ్చని వాళ్లకు గట్టి నమ్మకం!