న్యూట్రల్‌లో ఉందన్నాను

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. దానితోనే వంట చేశాను, పిల్లల్ని పెంచాను, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లి పాటలు పాడాను. బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. ఈ మధ్య రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. పూర్తిగా రాయలేని రోజు రాకముందే చెప్పేయాలి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఈ కలం ముందుకు పోతుంది.

మాది గుంటూరు వైపు. పెళ్లయ్యాక అమీర్‌పేట వచ్చాను. మా వారు డాక్టరు, ఖైరతాబాద్‌లో డిస్పెన్సరీ నడిపేవారు. ఆయనకు ఒక పాత నల్ల కారు ఉండేది. దాని డ్రైవరు మల్లయ్య. పంజాగుట్టలో ఒక నవాబు గారింట్లో బండ్లు కడిగే పనికి చేరి, అక్కడే చూసి చూసి నడపడం నేర్చుకున్నాడు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎంత ఎండలోనైనా ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. కల్లు ముట్టేవాడు కాదు. తండ్రి తాగి తాగి చచ్చిపోతే, ఇక ఈ ఇంట్లో ఎవరూ తాగకూడదని అవ్వ అని అతను పిలిచే తల్లి అతని చేత ఒట్టు వేయించుకుందట. ఆ ఒట్టు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా వారికీ తెలుసు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కారు నడపడం నేర్చుకోవాలనిపించింది. ఎందుకనిపించిందంటే, గొప్ప కారణమేదైనా చెప్పాలని ఉంది. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనీ, సమయానికి బండి తీసేవాళ్లు లేరనీ చెబితే మీరు నన్ను కొంచెం జాలిగా చూస్తారు. అలాంటిదేమీ జరగలేదు. వెనక సీట్లో కూర్చుని మల్లయ్య చెయ్యి గేరు మార్చడం చూసేదాన్ని. ఆ చెయ్యి అదిమి పట్టేది కాదు. ఊరికే అలా వెళ్లి వచ్చేది, వెంటనే ఇంజను గొంతు మారేది. నాకూ అలా చేయాలనిపించింది. అంతే.

మా వారిని అడిగాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండా, "నీకెందుకది?" అన్నారు. మళ్లీ అడగలేదు. మల్లయ్యను అడిగాను. అతను వద్దన్నాడు. అయ్యగారికి తెలిస్తే తన నౌకరీ పోతుందన్నాడు. నేను మూడు వారాలు వెంటపడ్డాను. చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడా, కాదనలేకపోయాడా? అతను మా జీతం తీసుకునే మనిషి. అప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మా వారు ప్రతి గురువారం పొద్దున్నే రైల్లో పక్క జిల్లాలోని ఒక ఆసుపత్రికి వెళ్లేవారు. సాయంత్రం స్టేషనుకు కారు వెళ్లాలి. అందాకా అది ఇంట్లోనే ఉండేది. ఆ గురువారాల్లోనే నేను నేర్చుకున్నాను. అమీర్‌పేట ఇళ్లు దాటేదాకా వెనక కూర్చునేదాన్ని. ఇళ్లు అయిపోయాక మల్లయ్య బండి ఆపి, దిగి, అటువైపు తిరిగి వచ్చేవాడు. నేను స్టీరింగు ముందుకు వచ్చేదాన్ని. అక్కణ్ణుంచి పంజాగుట్ట మీదుగా ఎర్రమంజిల్ వైపు రోడ్డంతా రాళ్లూ, సీతాఫలం పొదలే. మనిషి కనబడితే కనబడేవాడు, లేకపోతే లేదు.

మొదటి రోజే చెప్పులు విడిపించాడు. "పాదానికి తెల్వాలె అమ్మా. చెప్పుకు తెలిస్తె ఏం ఫాయిదా?" అన్నాడు. క్లచ్ నొక్కడం తేలికే. వదలడంలోనే ఉంది విద్య అంతా. నేను ఠక్కున వదిలేసేదాన్ని, బండి ఎగిరిపడి ఆగిపోయేది. అతను విసుక్కునేవాడు కాదు. ఎక్కడో ఒకచోట బండి సన్నగా వణుకుతుందనీ, ఆ వణుకు తెలిసేదాకా పాదాన్ని అక్కడే పట్టుకోవాలనీ చెప్పేవాడు. ఆ పాత బండిలో పై గేరు నుంచి కిందికి రావాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మధ్యలో ఒక్క క్షణం ఇంజనుకు ఊపిరి ఇవ్వాలి. లేకపోతే లోపల పళ్లు కొరికినట్టు చప్పుడు. "గుద్దకుండ్రి అమ్మా. అది తోవ ఇస్తది. ఇచ్చినప్పుడే పోవాలె" అనేవాడు. ఐదో గురువారమో ఆరో గురువారమో చప్పుడు లేకుండా గేరు పడింది. మల్లయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం, నిజం చెప్పాలంటే, నా పెళ్లిరోజున కూడా కలగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. కారు బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది దొరకడం లేదు. బండి ఆగిపోయినప్పుడల్లా మల్లయ్య దిగి, ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. తిప్పే ముందు గేరు మధ్యలో, అంటే న్యూట్రల్‌లో, ఉండి తీరాలి. గేరులో ఉండగా ఇంజను అందుకుంటే బండి ముందుకు దూకుతుంది. ముందు నిలబడ్డ మనిషి గతి చెప్పనక్కర్లేదు. అందుకే తను ఎన్నిసార్లు తిప్పినా అన్నిసార్లు అడిగేవాడు. నేను గేరు రాడ్డును పట్టుకుని అటూ ఇటూ ఊపి, వదులుగా ఉందని చూసుకుని, అప్పుడు జవాబు చెప్పాలి. అది అతను నాకు నేర్పిన మొదటి పాఠం.

ఆ గురువారం పంజాగుట్ట ఎత్తు ఎక్కుతుంటే ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. కంగారుపడి పక్కకు తిప్పాను. ఒక పెద్ద బండరాయి ముందు, నాలుగడుగుల దూరంలో కారు ఆగిపోయింది. ఎడ్లబండివాడు నన్ను చూసి నవ్వుతూ వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత బాగా వచ్చిందనుకున్న విద్య, దారినపోయేవాడి ముందు పరువు తీసింది. మల్లయ్య హ్యాండిల్ పట్టుకుని దిగాడు. రాయికీ బండికీ మధ్య వంగాడు.

"నూటల్ల ఉన్నదా అమ్మా?"

"ఉంది."

రాడ్డును ముట్టుకోలేదు. జారిన పైట సర్దుకుంటున్నాను. ఆ ఎడ్లబండివాడి నవ్వు గురించి ఆలోచిస్తున్నాను. ఇంజను వేడిగానే ఉంది కాబట్టి ఒక్క తిప్పుకే అందుకుంది.

అతను అరవలేదు. ఊపిరి ఒక్కసారిగా బయటికి పోయిన చప్పుడు మాత్రం వినిపించింది. బండి అతని కాళ్లను రాయికి అదిమి, ఆగిపోయింది. నేను దిగి పరిగెత్తాను. దగ్గర్లో రాళ్లు కొట్టేవాళ్లు చప్పుడు విని వస్తున్నారు. వాళ్లు వెనక్కి నెట్టబోతే బండి కదల్లేదు. అప్పుడు నేను ఎడమవైపు కిటికీలోంచి చెయ్యి చాచి గేరు రాడ్డును మధ్యకు లాగాను. గట్టిగా ఉన్నది కాస్తా వదులైంది. ఏం జరిగిందో నా చేతికి అప్పుడు తెలిసింది. ఇక ఎవరు చూసినా గేరు న్యూట్రల్‌లోనే ఉంటుందని కూడా, దేవుడు నన్ను క్షమించుగాక, ఆ క్షణంలోనే తెలిసింది.

వాళ్లు మల్లయ్యను పక్కన పడుకోబెట్టారు. ఎట్లా జరిగిందని ఒకతను అడిగాడు. మల్లయ్య నా వైపు చూడలేదు. "నేనే మర్శిన. గేర్ల ఇడిసి దిగిన" అన్నాడు. తన కాలు నలిగిపోయి ఉన్న ఆ నిమిషంలో ఆ మనిషి నా సంసారం గురించి ఆలోచించాడు. నేను నా గురించే ఆలోచించాను.

ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ సాయంత్రం మా వారు నన్ను కూర్చోబెట్టి అడిగారు. నేను ఆ వేళప్పుడు కార్లో ఎందుకున్నానన్నదానికి, సోమాజిగూడలో తెలిసినవాళ్లింటికి బయల్దేరానని చెప్పాను. ఆయన నమ్మారు. నమ్మనిది ఒక్కటే. "ఇన్నేళ్లుగా నడుపుతున్నవాడు గేరు మర్చిపోవడం ఏంటి? తాగున్నాడా?" అన్నారు.

తాగలేదని నాకు తెలుసు. నేను అన్నది మాత్రం, "ఏమోనండి, నాకు తెలియదు."

ఆ "తెలియదు" ఊరంతా తిరిగి "తాగాడు" అయింది. ఒట్టు తప్పాడన్నారు. మా వారు జీతం లెక్క చూసి పంపేశారు. మల్లయ్య కాలు నేను పోగొట్టింది పొరపాటున. పేరు పోగొట్టింది పొరపాటున కాదు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకుని ఏడవడం నాకు చాలా ఏళ్లు సుఖంగా ఉండేది. ఇప్పుడు విడదీసి చూస్తున్నాను.

నాలుగు నెలలకు అతని ఇంటికి వెళ్లాను. అమీర్‌పేటలోనే, మా ఇంటికి పావుగంట నడక. అంత దగ్గరకు వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అతను గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు అప్పుడూ మెడదాకా పెట్టుకునే ఉన్నాడు. భార్య లచ్చమ్మ బయట గిన్నెలు తోముతోంది.

"గీ ఎండల ఎందుకొచ్చిండ్రు అమ్మా?"

"మల్లయ్యా, నేను అయ్యగారికి అంతా చెప్పేస్తాను."

అతను తల అడ్డంగా ఊపాడు. "చెప్తె కాలొస్తదా? మీ ఇంట్ల లొల్లి అయితది. వద్దు."

"మరి నేనేం చెయ్యను?"

అతను వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊరు ఏమన్నా ఫికర్ లేదు. గాని లచ్చమ్మ సుత నేను తాగిన్ననే అంటున్నది. మా అవ్వకు ఒట్టేసి తప్పిన్నని ఏడుస్తది. నేనెంత చెప్పినా నమ్ముతలేదు. మీరు పెద్దింటోళ్లు, మీరు చెప్తె నమ్ముతది. జర గామెకొక్కదానికి చెప్పుండ్రి, తాగలేదని."

"చెప్తాను" అన్నాను.

అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాకు.

బయటికి వచ్చాను. లచ్చమ్మ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, "నీళ్లు తాగి పోండ్రి అమ్మా" అంది. చెంబు ఇచ్చింది. తాగాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేనేదో చెబుతానని ఆమెకు అర్థమైనట్టే ఉంది. "తాగలేదు" అన్న ఒక్క మాట. అది అంటే ఆమె వెంటనే "మరెట్లయ్యింది?" అని అడుగుతుంది. ఆ రెండో ప్రశ్నకు భయపడ్డాను. ఆమె మా పనిమనిషికి చెబుతుందనీ, పనిమనిషి మా వారికి చెబుతుందనీ భయపడ్డాను. ఇంకేదో సాకు వెతుక్కుని చెప్పి ఉండొచ్చు కదా? ఉండొచ్చు. చెంబు తిరిగి ఇచ్చేసి, "వస్తాను లచ్చమ్మా" అన్నాను. లోపల మల్లయ్య వింటూనే ఉండి ఉంటాడు.

మళ్లీ వెళ్లలేదు. రెండేళ్లకు, వానాకాలంలో జ్వరం వచ్చి మల్లయ్య పోయాడని పాలావిడ చెప్పింది. అప్పుడైనా లచ్చమ్మ దగ్గరికి వెళ్లవలసింది. ఇవాళ రేపు అనుకుంటూ నెల గడిపాను. వెళ్లేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఆమె తమ్ముడు వచ్చి తీసుకుపోయాడట. ఏ ఊరికో ఎవరికీ సరిగా తెలియదు. తెలిసి ఉంటే వెళ్లేదాన్నా? ఆ ఇంటి గడపలో నిలబడి ఆమె లేదని వినగానే నా గుండెలోంచి ముందుగా వచ్చింది ఏడుపు కాదు, నిట్టూర్పు. అది కూడా రాయాలి కదా.

యుద్ధం అయిపోయాక ఒక రోజు మా వారే, "డ్రైవర్లతో పడలేకపోతున్నాను, నువ్వే నేర్చుకోరాదూ" అన్నారు. కొత్త బ్యాటరీ వచ్చింది, ఇక హ్యాండిల్ తిప్పే పని లేదు. పక్కన కూర్చుని ఆయన చెప్పడం మొదలుపెట్టకముందే నా పాదం క్లచ్ మీద ఆ వణుకు దగ్గర ఆగింది. రెండుసార్లు తొక్కి, చప్పుడు లేకుండా గేరు దించాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"ఇంత తొందరగా ఎలా వచ్చింది నీకు?"

"వెనక కూర్చుని చూసి నేర్చుకున్నానండి."

ఆయన ఆ మాట చర్చిలో అందరికీ మురిసిపోతూ చెప్పారు. తర్వాత పద్దెనిమిదేళ్లు కారు నడిపాను. ఆ పంజాగుట్ట రోడ్డు మీదే నడిపాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయిని పగలగొట్టారు. నెలనెలా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర మోకరించే ముందు, ఈసారి పాస్టరు గారికి చెప్పేసి రొట్టె తీసుకుందామనుకునేదాన్ని. చెప్పకుండానే తీసుకునేదాన్ని. నా పాపములు అని బహువచనంలో ప్రార్థించడం ఎంత తేలికో. అన్నిటి మధ్యా ఆ ఒక్కటి దాక్కుంటుంది.

మా వారు కూడా పోయారు. ఇప్పుడు ఎవరికి తెలిసినా నాకొచ్చే నష్టం లేదు. నష్టం లేనప్పుడు చెప్పే నిజానికి విలువెంత? నాకు తెలియదు. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి హక్కున్నవాళ్లు ఇద్దరే. ఒకరు పోయారు, ఒకరు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు.

లచ్చమ్మా, మల్లయ్య ఆ రోజు తాగలేదు. ఏ రోజూ తాగలేదు. బండి గేర్లో ఉంచింది నేను. చూడకుండా న్యూట్రల్‌లో ఉందని చెప్పింది నేను. నీ వాకిట్లో నీళ్లు తాగి, నీకు చెప్పకుండా వెళ్లిపోయింది నేనే.

ఈ ఐదు వాక్యాలు రాయడానికి ఎంతో సేపు పట్టదు. ఇప్పుడే చూశాను.