అర బిళ్ళ

ఇంగ్లీషు మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. కొత్త మాట చెప్పారంటే, దానితో ఎవరికి వారు తమ బతుకులోంచి ఒక వాక్యం రాసి తేవాలి. పుస్తకంలోంచి ఎత్తుకొచ్చారో, అంతే సంగతులు. సాయంత్రం పూట ఆయన ముందుగదిలో పాఠానికి కూర్చునేవాళ్ళంతా పనిపాటలు చేసుకునే పెద్దవాళ్ళే.

ఆ రోజు మాట ‘ఓవర్‌వెల్మ్’.

“అంటే ముంచెయ్యడం, ఉక్కిరిబిక్కిరి చెయ్యడం. వరద ఊరిని ఓవర్‌వెల్మ్ చేస్తుంది. దుఃఖం మనిషిని చేస్తుంది, పట్టలేని సంతోషమైనా చేస్తుంది. పెద్ద మాటండీ, చిల్లర విషయాలకు వాడకండి!” అని హెచ్చరించారు.

మర్నాడు కుట్టుపని చేసే ఆవిడ ఇలా రాసుకొచ్చింది: ‘ఒక చెప్పుల జత నన్ను ఓవర్‌వెల్మ్ చేసింది.’ మాస్టారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు.

“చెప్పులు మనిషిని ముంచుతాయటమ్మా? ఇంకాస్త పెద్దది చూసి రాయండి.”

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయి, పుస్తకం మూసేసుకుంది. ఆవిడ భర్త పోయి రెండు నెలలైందని మాస్టారికి తెలుసు. తెలిసీ తట్టలేదు. ఉన్న తెలివంతా వ్యాకరణానికే పెట్టేస్తే మిగతా వాటికి ఏం మిగులుతుంది!

ఆరు నెలలు తిరక్కుండా మాస్టారి భార్య పోయింది. ఆయన కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశారు, ఆస్పత్రి కాగితాలు వరసగా సర్దారు. గుండె రాయి చేసుకున్నాడన్నారు చుట్టాలు.

భార్యాభర్తలిద్దరికీ రక్తపోటుకు ఒకటే మందు, చెరో అర బిళ్ళ. పొద్దున్నే ఆవిడే విరిచేది. సమంగా విరగకపోతే, “పెద్ద ముక్క మీకే. కోపం ఎక్కువ కదా!” అనేది.

ఆవిడ పోయాక కొన్నాళ్ళు మాస్టారి చెల్లెలు ఉండి మందు అందించింది. చెల్లెలు వెళ్ళిన మర్నాడు ఆయనే బిళ్ళ విరిచారు. పెద్ద ముక్క నోట్లో వేసుకుని, అలవాటుకొద్దీ చిన్నది అందించబోయారు. అందుకునేవాళ్ళు లేరు. వంటింటి గట్టు పట్టుకుని అక్కడే కూలబడి, ఊపిరాడనంతగా ఏడ్చారు.

ఆ మధ్యాహ్నమే కుట్టుపని ఆవిడ దుకాణానికి వెళ్ళారు. గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పుల జత ఒకటి, దుమ్ము లేకుండా, తుడిచి పెట్టి ఉంది.

“మీ పుస్తకం ఓసారి ఇవ్వండమ్మా.”

ఆవిడ మిషను సొరుగులోంచి తీసిచ్చింది. ఎర్రగీత చెరపడానికి లేదు. దాని పక్కనే ‘ఒప్పు’ అని రాసి, సంతకం పెట్టారు.

“తప్పు నాదే తల్లీ.”

ఆవిడ ఆ పేజీ చూసింది, ఆయన మొహం చూసింది. స్టూలు ముందుకు జరిపింది.

“మిమ్మల్నేం ముంచింది మాస్టారూ?”

ఆయన జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, ఆవిడ ముందు విప్పారు. అందులో అర బిళ్ళ ఉంది.