నా విమానానికి వాహన పూజ

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే ఇక మీరెవరూ నా కారు కూడా ఎక్కరు! గుళ్ళో మాత్రం నేనిప్పుడు సెలబ్రిటీని. ఎందుకో చెప్తా, ముందు ఆ టీ ఇలా ఇవ్వండి.

ఆరు నెలలు కూర్చుని రేడియో కంట్రోల్ విమానం ఒకటి తయారుచేశాను కదా! నాలుగడుగుల రెక్కలు, జీపీఎస్, బ్యాటరీ ఎంతుందో పైకి చెప్పే కంట్రోలర్, అన్నీ పెట్టా. నిన్నే ఫస్ట్ ఫ్లైట్. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య "కొత్త బండి కదే, పూజ చేయించకుండా ఎలా తీస్తావ్?" అన్నారు. కాదనలేకపోయాను. ఈ అమెరికాలో, ఈ అరోరా ఊళ్ళో నా విమానం గురించి ఇష్టంగా అడిగే మనిషి ఆవిడొక్కరే మరి!

గుడి పార్కింగ్ లాట్‌లో పంతులుగారు దాని ముక్కుకి బొట్టు పెట్టారు. రూపాయి బిళ్ళంత చక్రాలు చూసి "నిమ్మకాయ పెడితే బండే బోర్లా పడుతుందేమోనమ్మా!" అన్నారు. హారతికి బండి స్టార్ట్ అయి ఉండాలిగా, బ్యాటరీ కనెక్ట్ చేశా. హారతి అయ్యాక బ్యాటరీ తీయబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"పూజైన బండిని ఆపకూడదే. అలాగే తీసుకెళ్ళు."

సరేనని మోటార్ లాక్ చేసి, అలాగే కార్లో పెట్టుకుని, మైలు దూరంలో ఉన్న ఫ్లయింగ్ ఫీల్డ్‌కి వెళ్ళా. అత్తయ్య గుళ్ళోనే భోజనాల క్యూలో ఉండిపోయారు.

పైకి లేచింది చూడండీ, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి! క్లబ్బులో నాకు నేర్పే పెద్దాయన డేవ్ చప్పట్లు కొట్టి, "రిటర్న్ టు హోమ్ టెస్ట్ చెయ్" అన్నాడు. ఆ స్విచ్ వేస్తే విమానం దానంతటదే బయల్దేరిన చోటికొచ్చి పైన గుండ్రంగా తిరుగుతుంది. వేశా. అది మా వైపు రాకుండా, మొక్కజొన్న చేల మీదుగా అటెటో పోతోంది!

"స్వాతీ, హోమ్ ఎక్కడ సెట్ అయింది?" అన్నాడు డేవ్.

బ్యాటరీ కనెక్ట్ చేసిన చోటునే అది హోమ్ అనుకుంటుంది. అంటే గుడి! స్విచ్ ఆపేస్తే చాలు, నా కంట్రోల్‌లోకి వచ్చేసేది. భయంతో వేలు కదిలితేగా! ఈలోపు అది చుక్కంత అయిపోయి, చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు ముట్టుకోకు, కనపడకుండా నడిపితే ఎవరి నెత్తినో పడుతుంది" అని డేవ్ ట్రక్కు తీశాడు. పక్క సీట్లో నేను, ఒళ్ళో కంట్రోలర్. "బ్యాటరీ థర్టీ పర్సెంట్" అంటోంది అది తాపీగా. ఆదివారం, గుడి నిండా పిల్లలు! నా విమానం పోతే పోయింది, ఎవరికీ ఏమీ కాకూడదని దణ్ణాలు పెట్టుకుంటుంటే అత్తయ్య ఫోన్.

"అమ్మాయ్, నీ విమానం గుడి మీద ప్రదక్షిణలు చేస్తోందే! అందరూ దణ్ణం పెడుతున్నారు!"

"అత్తయ్యా, అందర్నీ లోపలికి పంపించండి!"

"ఎందుకే, ఇంకా రెండో చుట్టే కదా!"

పన్నెండు పర్సెంట్ ఉండగా చేరాం. కనపడగానే స్విచ్ ఆపి, గుడి వెనకున్న గడ్డిలో దింపా. దింపడమంటే, ముక్కు నేలకి గుచ్చా. ప్రొపెల్లర్ విరిగింది, మనుషులంతా క్షేమం. హమ్మయ్య అనుకున్నా. అత్తయ్య పరుగున వచ్చి నన్ను వాటేసుకుని "మా కోడలే!" అని అందరికీ చెప్తుంటే నేను ప్రొపెల్లర్ ముక్కలు ఏరుకున్నా.

ఇంతలో గుడి కమిటీ అంకుల్ వచ్చారు. "అమ్మా, ఎంత కరెక్ట్‌గా తిప్పారు! కల్యాణోత్సవానికి పైనుంచి పూలు చల్లాలి, మిమ్మల్ని బుక్ చేసుకోవచ్చా?"

"విమానాన్ని అడగండి అంకుల్," అన్నాను. "ఎక్కడికి వెళ్ళాలో దానికే తెలుసు. నేను వెనకాల ట్రక్కులో వస్తాను."