ఓదెలు గొంతు ఉన్న క్యాసెట్

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి చాయ్ పెట్టుకోవడానికి వెళ్లిపోయే మనిషిని నేను. కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆధారం లేని మాట నాకు ఎక్కదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నస్పూర్‌లో మా కాలేజీకి ఒక పాత గది ఉంది. బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్ల ఫొటోలు, దీపాలు, టోపీలు, వాళ్లు చెప్పిన సంగతుల క్యాసెట్లు అందులో భద్రపరుస్తున్నాం. క్యాసెట్లన్నీ ఒక బడిపంతులు ఇల్లిల్లూ తిరిగి రికార్డు చేసినవి. ఆయన పోయాక ఇంటివాళ్లు మాకిచ్చారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది.

అందులో మూడు క్యాసెట్లు ఓదెలు అనే కార్మికుడివి. గనిలో పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. నేను పుట్టకముందే జ్వరంతో చనిపోయాడు. భార్య రాజవ్వ దగ్గర్లోనే కార్మికుల కాలనీలో కొడుకుతో ఉంటోంది. భర్త గొంతు మా దగ్గర ఉందని తెలిసి ఒక మధ్యాహ్నం వచ్చింది.

"ఆయనది ఒక్క ఫొటో సుత లేదు బిడ్డా. జర ఇనిపియ్యి," అంది.

రెండు కుర్చీలు కిటికీ పక్కన వేసి, కంప్యూటర్‌కు కలిపిన టేపు మిషన్‌లో క్యాసెట్ పెట్టాను. కాసేపు గరగర, తర్వాత బొంగురు గొంతు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైకప్పు పడేముందు ఎలా తెలుస్తుందో ఓదెలు చెబుతున్నాడు.

"సన్నగ కిర్రుమంటది. గప్పుడు ఆలోచన చెయ్యొద్దు..."

అక్కడ ఆగాడు. అప్పటిదాకా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్న గొంతు, పక్కన నిలబడి మాట్లాడినంత దగ్గరగా వినిపించింది.

"రాజీ, లెవ్వు. గా బిడ్డను సుత లేపు."

గదిలో ఉన్నది మేమిద్దరమే. రాజవ్వ లేచింది. నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా ఈడ్చుకుపోయింది. ఆ ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో. గడప దాటామో లేదో వెనక పెద్ద చప్పుడు. స్లాబు పెచ్చు ఊడి రెండు కుర్చీల మీదా పడింది.

దుమ్ములో టేబుల్ మీద క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఓదెలు ఎవరినో చాయ్ అడుగుతున్నాడు.

పెచ్చు ఊడటంలో వింత లేదు. పాత భవనం, వానలకు బాగా నానింది. మర్నాడు, మేం వింటున్నప్పుడే కంప్యూటర్లోకి ఎక్కిన కాపీ విన్నాను. "గప్పుడు ఆలోచన చెయ్యొద్దు, ఉరుకాలె," అని ఉంది. పంతులు నవ్వు, ఆ వెంటనే చాయ్ మాట. మధ్యలో ఏమీ లేదు. అసలు క్యాసెట్ మళ్లీ వేశాను. తోడుగా ఇంకో మేడమ్‌ను కూర్చోబెట్టుకుని విన్నాను. అందులోనూ అంతే.

నేరుగా రాజవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె ఏం విన్నదో చెప్పమన్నాను. నేను విన్న మాటలే చెప్పింది.

"రాజీ అని ఆయనొక్కడే పిలుస్తుండె. గా పేరు నా కొడుకుకు సుత తెల్వది," అంది. నా మొహంలోకి చూసింది. "నన్నంటే పిలిచిండు. నిన్నెట్ల జూసిండో గదే సమజైతలేదు బిడ్డా."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రాణం నిలిపినందుకు దండం పెట్టుకోవాలి. నాకు మిగిలింది మాత్రం భయమే. ఎప్పుడో చనిపోయిన మనిషి, ఆ గదిలో నేను కూర్చుని ఉండటం చూశాడు. దీనికి ఏ కారణం చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు.

ఆయనవి ఇంకా రెండు క్యాసెట్లు మిగిలాయి. ఆ బీరువా తెరిచినప్పుడల్లా వాటి వైపు చూడకుండా కావాల్సింది తీసుకుంటాను. రాజవ్వ ఎదురైన ప్రతిసారీ, "మల్లెప్పుడు ఇనిపిస్తవు బిడ్డా?" అంటుంది.

మిషన్ ఖరాబైందని చెబుతున్నాను. మిషన్ బాగానే ఉంది.