డీజిల్ ట్యాంకుకు తాళం

నా చిన్నప్పుడు, టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్లో ట్రాక్టర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. చిన్న డీజిల్ బండి. వైరా దగ్గర ఎవరో రైతు వాడుకుని అమ్మితే మా నాయన కొన్నాడు. ఆయన దాన్ని వాకిట్లో ముందుకూ వెనక్కూ తిప్పేవాడు గానీ, చేలు దున్నడానికి పక్క తండా నుంచి ఒకాయన వచ్చేవాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని. మాటలు తక్కువ మనిషి.

ఒక ఏడు, డీజిల్ ఉండాల్సిన దానికంటే త్వరగా అయిపోతోందని మా నాయనకు అనిపించింది. ఎవరూ చూసింది లేదు, చెప్పింది లేదు. తండాలో ఒక పెళ్లికి ఇంజన్ పెట్టి లైట్లు వెలిగించారని తెలిస్తే, ఆ డీజిల్ మనదే అయి ఉంటుందన్నాడు. కాక చొక్కా డీజిల్ వాసన కొడుతోందన్నాడు. ట్రాక్టర్ నడిపేవాడి చొక్కా ఇంకేం వాసన కొడుతుందని మా నాయనమ్మ అడిగితే విననట్టు లేచి వెళ్లాడు. మర్నాడు ట్యాంకు మూత మీద పాత సైకిల్ ట్యూబు ముక్క కప్పి, కదలకుండా దాని మీద ఇనుప పట్టీ బిగించి, తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కాక చూశాడు.

తొలకరి పడింది. ఆ తడి ఆరేలోపు దుక్కులు కావాలి. సరిగ్గా అప్పుడే బండి మొరాయించడం మొదలుపెట్టింది. కాసేపు బాగానే దున్నేది. తర్వాత ఇంజన్ చప్పుడు మారి, రొప్పి రొప్పి, చేను నడిమధ్యలో ఆగిపోయేది. కబురు అందగానే మా నాయన వెళ్లేవాడు. ముందుగా తాళం తీసి లోపల డీజిల్ ఉందో లేదో చూసుకునేవాడు. ఉండేది. మళ్లీ మూత పెట్టి తాళం వేసేవాడు. ఈలోగా కాక ఫిల్టర్ దగ్గర మర వదులు చేసి, పైపులో చేరిన గాలి బయటికి పంపేవాడు. బండి స్టార్టయ్యేది. మా నాయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే మళ్లీ ఆగిందని కబురు.

కొత్తగూడెం నుంచి మెకానిక్‌ను పిలిపించారు. అతను మా వాకిట్లోనే ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, కొత్త ఫిల్టర్ వేసి, చాలాసేపు ఇంజన్ ఆడించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. "బండిల ఏం లేదు పటేలా, నడిపేటోణ్ణి చూస్కోండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట మా నాయన మనసులో నాటుకుపోయింది. తాను వెళ్తే నడుస్తుంది, తాను ఇంటికి రాగానే ఆగుతుంది. తాళం వేసినందుకు కాక పగబట్టి కావాలనే ఆపుతున్నాడని తేల్చేశాడు. చేనికి అన్నం తీసుకెళ్లే నాతో, "ఏం ముడుతుండో చూసి రా బిడ్డా" అన్నాడు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. నేనెందుకు కూర్చున్నానో కాకకు అర్థమైనట్టుంది. రెండు చేతులూ నాకు కనిపించేలా స్టీరింగు మీద ఎత్తిపెట్టి నడిపాడు. అయినా బండి ఆగింది. ఆయన ఏదీ ముట్టలేదని ఇంటికొచ్చి చెబితే, "నీకేం తెలుస్తది" అన్నాడు నాయన. పంచాయితీ పెట్టించి పెద్దమనుషుల ముందు నిలదీస్తానన్నాడు. అక్కడ దొంగ అనిపించుకున్న డ్రైవర్‌ను ఆ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పనికి పిలవరు. కాకకు ఇద్దరు చంటిపిల్లలు.

పంచాయితీ అనుకున్న రోజు పొద్దున మా నాయనమ్మ కాకను పిలిపించి తన పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకుంది. "ఇయ్యాల బండి నువ్వు తోలు" అంది నాయనతో.

"నాకు సక్కగ రాదు గదమ్మా!"

"వచ్చినకాడికి తోలు. ఈయన నా కండ్ల ముందే ఉంటడు. నువ్వు దున్ని వచ్చినంక పంచాయితికి పో. నేను అడ్డం రాను."

నన్ను తోడు పంపింది. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను. సాళ్లు వంకరటింకరగా పోతున్నాయి. కొంతసేపటికి ఇంజన్ రొప్పడం మొదలుపెట్టింది. ఆగిపోయింది. మా నాయన వెంటనే దిగలేదు. అడవి వైపు చూశాడు, గట్ల వెంట చూశాడు. ఎవరూ లేరు. చివరికి నా వైపు తిరిగి, "నువ్వేమన్న ముట్టినవా?" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన తాళం తీసి మూత తిప్పాడు. అప్పుడు వినిపించింది, సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. రోజూ మాటల్లో, కోపంలో అది ఎవరికీ వినపడలేదేమో. మా నాయన మూత పైవైపు తిప్పి చూశాడు. మధ్యలో సన్నటి బొక్క ఉంది. దాని చుట్టూ ట్యూబు ముక్క అదిమిన నల్లటి మచ్చ.

"డీజిల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాలె గదా. దాన్ని నేనే మూసిన" అన్నాడు. నాతో చెప్పినట్టు లేదు. ట్యూబు ముక్కను చేలోకి విసిరేసి, కాక చేసినట్టే పైపులోని గాలి తీసి, బండి స్టార్ట్ చేశాడు. అన్నం వేళ దాకా అది ఎక్కడా ఆగలేదు.

ఇంటికొచ్చి అరుగు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కాక లేచి నిలుచున్నాడు. "నాకు గూడ ఎరుక లేకపాయె పటేలా. ఎరుకై చెప్పినా మీరు ఇందురా?" అన్నాడు. నాయనమ్మ ఇద్దరికీ పక్కపక్కన అన్నం పెట్టింది. పంచాయితీ ఊసు మళ్లీ రాలేదు. డీజిల్ నిజంగా ఎప్పుడైనా పోయిందో లేదో మాకు ఇప్పటికీ తెలియదు.

కాక ఆ తర్వాత చాలా ఏళ్లు మా బండే నడిపాడు. కానీ రోజూ బయలుదేరే ముందూ, తిరిగొచ్చాకా ట్యాంకులో ఒక పుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో మాకు చూపించేవాడు. అట్ల చేయొద్దని మా నాయన బతిమాలాడు కూడా. కాక నవ్వి ఊరుకునేవాడు. మర్నాడు మళ్లీ చూపించేవాడు. పెద్దవాళ్లెవరూ లేకపోతే, పలక మీద రాసుకుంటున్న నా దగ్గరికొచ్చి వంగి, "చూసినవా బిడ్డా" అనేవాడు. నేను తలూపితే గానీ కదిలేవాడు కాదు.

ఇప్పుడు నా జుట్టంతా నెరిసింది. ఇంట్లో ఏదైనా కనిపించకపోతే, ఎవరి పేరో నా నోటిదాకా వస్తుంది. అప్పుడు అంత పెద్దమనిషి పుల్ల పట్టుకుని చిన్నపిల్ల ముందు వంగడం గుర్తొస్తుంది. ఆ పేరు అక్కడే మింగేసి, ఇంకోసారి వెతుకుతాను.