పెడ్నేకర్ పేరు పడిన సినిమా

బుధవారం పొద్దున్నే గావ్డే వచ్చి తలుపు బాదాడు. పక్క గదిలో ఉండే మనిషే, కానీ ఆ రోజు మొహంలో పెళ్ళికళ ఉంది.

"పెడ్నేకర్! బయటికి రావయ్యా మహానుభావా! సినిమాలో నీ పేరు పడింది. హీరో పేరు కన్నా పెద్దక్షరాల్లో!"

యశవంత్ పెడ్నేకర్ నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. గావ్డే ఫోనులో, శుక్రవారం విడుదల కావాల్సిన సినిమా అప్పుడే నడుస్తోంది. హీరోయిన్ ఏడుస్తోంది. ఆమె కళ్ళ మీదుగా, ముక్కు మీదుగా తెల్లటి అక్షరాల్లో 'వై. పెడ్నేకర్' అని అడ్డంగా ఉంది. ఆమె పక్కకి తిరిగింది గానీ పేరు కదల్లేదు. సీను మారింది. హీరో వచ్చాడు. పేరు ఆయన నుదుటి మీదకీ ఎక్కింది.

పెడ్నేకర్ నురగ మింగేశాడు.

తెర మీద హీరో మెట్లెక్కుతుంటే గోరేగావ్‌లో ఒక చీకటి స్టూడియో గదిలో, ఆ అడుగుల చప్పుడు కోసం బూట్లేసుకుని చెక్క మీద నడిచేది పెడ్నేకర్. హీరోయిన్ గాజులూ ఆయనే, విలన్ గుర్రమూ ఆయనే, అత్తగారి తాళాల గుత్తీ ఆయనే. ఈ పనికి ముందుగా చప్పుళ్ళు లేని కాపీ ఒకటి ఇస్తారు. ఎవరికిచ్చిన కాపీ మీద వాళ్ళ పేరు అచ్చేసి ఇస్తారు, బయటికి పొక్కితే దొంగ ఎవరో తెలియాలని. జుట్టు నెరిసేదాకా చేసిన పనికి ఎన్నడూ తెర మీద పడని పేరు అలా అచ్చులోకి ఎక్కింది. అంతవరకూ స్టూడియో పేరే వేసేవారు, అదీ జనం లేచి చెప్పులు వెతుక్కునే వేళకి.

"సౌండు అదరగొట్టావయ్యా," అన్నాడు గావ్డే. "ఆ గుర్రాలొచ్చే చోట ఒళ్ళు జలదరించిందనుకో!"

ఆ కాపీలో గుర్రాలకి చప్పుడే లేదు. మనుషులు దయ్యాల్లా నేల మీద జారిపోతున్నారు. భాండుప్‌లోని వాళ్ళుండే వరసగదుల చాల్‌లో అందరూ సినిమా చూసేశారు, ఒక్కడికీ అడుగుల చప్పుడు లేదన్న సంగతి తట్టలేదు. పెడ్నేకర్‌కి ముందు మనసు చివుక్కుమంది. భయం ఆ తర్వాత వేసింది.

"ఎవరికిచ్చారు?" అంది భార్య సులభ, గావ్డే వెళ్ళగానే.

"తల్వార్‌కి."

తల్వార్ అంటే ఆ సినిమా దర్శకుడే. క్లైమాక్సు విషయంలో నిర్మాత ఖురానాతో చెడింది. విడుదలయ్యేదాకా కాపీ ఇచ్చేది లేదని ఖురానా పట్టుబట్టాడు. తల్వార్ స్టూడియోకి వచ్చి తలుపుకి ఆనుకుని, "దాదా, మీ పెన్‌డ్రైవ్ ఒక్కపూట ఇవ్వరూ? తర్వాతి సినిమాకి డబ్బు పెట్టేవాళ్ళకి చూపించుకోవాలి," అన్నాడు. తీసినవాడే తన సినిమా అడిగితే కాదనడం ఏ పనివాడి తరం? కన్నతల్లి బిడ్డనెత్తుకోబోతే ఆయా గుర్తింపు కార్డు అడిగినట్టుంటుంది. పెడ్నేకర్ ఇచ్చేశాడు. మర్నాడు డ్రైవు తిరిగొచ్చింది, మిఠాయి డబ్బాతో సహా. ఈలోగా ఆ డబ్బున్నవాళ్ళ ఇంట్లో ఎవరు కాపీ ఎక్కించుకున్నారో ఎక్కించుకున్నారు.

మధ్యాహ్నానికల్లా అంధేరీలో ఖురానా ఆఫీసు నుంచి కబురొచ్చింది.

"ఎంతకి అమ్ముకున్నావ్?" అన్నాడు ఖురానా.

ఎదురుగా తల్వార్ కూర్చుని టీ కలుపుకుంటున్నాడు. పెడ్నేకర్ ఆయన వైపే చూశాడు. ఇప్పుడు చెప్తాడు. ఈ చెంచా కింద పెట్టి చెప్తాడు. తల్వార్ చెంచా కింద పెట్టి, గోడ మీది పోస్టరు చూడసాగాడు.

"చెప్పండి సార్," అన్నాడు పెడ్నేకర్, ఉండబట్టలేక.

"నేనేం చెప్తాను దాదా? నాకూ చాలా బాధగానే ఉంది."

లిఫ్టు దగ్గర మాత్రం పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "కాస్త ఓర్చుకోండి దాదా. నేను నోరు విప్పితే నా రెండో సినిమా పుట్టకముందే చస్తుంది. మీకు మహా అయితే మీ పనివాళ్ళ సంఘం వాళ్ళు ఏడాది పని ఆపుతారు. ఆ తర్వాత నా సినిమాలన్నీ మీవే."

"మరి నా పేరో?"

"పేరుదేముంది దాదా! జనం నెలకి మర్చిపోతారు."

రాత్రి ఇంట్లో ఆ మాట విని సులభ పెనం మీది బాంగ్డా చేపని తిరగెయ్యడం మానేసింది. "ఇన్నాళ్ళూ తెర మీద వెయ్యమంటే పేరుతో పనేంటన్నారు. ఇప్పుడు బురద పూసి పేరుదేముంది అంటున్నారు. వెళ్ళి జరిగింది సంఘంలో చెప్పి రండి. చెప్పకపోతే మాత్రం నా చేతి అన్నం అడక్కండి."

సంఘం కార్యదర్శి మ్హాత్రే అంతా విన్నాడు. "నమ్ముతున్నా యశవంత్ భావ్. నువ్వు ఇలాంటి పని చెయ్యవని నాకు తెలీదూ? కానీ తల్వార్ మీద చెయ్యేస్తే రేపు మనవాళ్ళని పనికెవడు పిలుస్తాడు? బొమ్మ మీద ఎవడి పేరుంటే వాడిదే తప్పు. ఏడాది."

"నమ్ముతూనే వేస్తున్నావా?"

"ఆవేశపడకు. వచ్చే వారం పైరసీ మీద పెద్ద సభ ఉంది. పనివాళ్ళు వెనక వరసలో నిలబడాలట. నువ్వూ రా. శిక్ష తగ్గించమని నేనే రాస్తా."

శుక్రవారం హాళ్ళు వెలవెలబోయాయి. ఫోనులో చూసినవాళ్ళు ఉచితంగా చూసినా దండగే అన్నారు. ఖురానా మాత్రం ఫ్లాపునంతా దొంగ కాపీ నెత్తిన రుద్ది ఊపిరి పీల్చుకున్నాడు. అలాగని పైరసీ వల్ల ఎవరికీ నష్టం లేదని వాదించేవాళ్ళు గోరేగావ్ వైపు వచ్చిన పాపాన పోలేదు. ఆ వారమే స్టూడియోకి రావాల్సిన రెండు చిన్న సినిమాలు ఆగిపోయాయి. వాటి నిర్మాతలు భయపడి వెనక్కి తగ్గారు. ఖురానాకి నష్టం వస్తే సానుభూతి కూడా వస్తుంది. అడుగులేసేవాడికి వస్తే నష్టం ఒక్కటే వస్తుంది.

సభకి పనివాళ్ళని బస్సుల్లో తెచ్చారు. పెడ్నేకర్ చేతికి 'మా కూడు దోచుకోవద్దు' అన్న అట్ట ఇచ్చారు. వేదిక మీద తల్వార్ గొంతు బొంగురుపోయింది. "ఈ వెనకున్న అన్నల చెమటని దొంగిలిస్తున్నారండీ!" చప్పట్లు మోగాయి.

ఒక టీవీ అమ్మాయి మైకు పట్టుకుని వెనక వరసకొచ్చింది. "అంకుల్, ఒక్క మాట. మీ పేరు?"

"యశవంత్ పెడ్నేకర్."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ పెడ్నేకరా! వై. పెడ్నేకర్?" కెమెరా అతను పళ్ళికిలించాడు. ముందు వరసలో ఒక నిర్మాత తల కూడా ఇటు తిరిగింది.

"నా పేరు నీకెలా తెలుసమ్మా?"

"తెలియకపోవడమేంటి అంకుల్, సినిమా అంతా మీరే కదా..." అని ఆగిపోయింది.

"ఏ సినిమాలో? హాల్లో వేసిన దాంట్లో నా పేరు లేదు."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. ముందు వరస నిర్మాత గబుక్కున వేదిక వైపు తిరిగిపోయాడు. పెడ్నేకర్ అట్ట దించాడు.

"కాపీ నా దగ్గర అడిగి పట్టుకెళ్ళింది అదిగో, ఆ మైకు ముందున్నాయన. ఒక్కపూట అన్నాడు. తన సినిమా కదా అని ఇచ్చాను. నేనిచ్చిందీ తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ నేను అమ్మలేదు. ఖురానా సాహెబ్ ముందు ఈయన ఆ మాట అనలేదు. మా సంఘానికి తెలిసీ అనలేదు."

చెప్పి చూస్తే కెమెరా నేల వైపు వాలి ఉంది.

"ఇదంతా తీశారా?"

"పేరు దగ్గరే ఆపేశాను అంకుల్," అన్నాడు కెమెరా అతను, కాస్త సిగ్గుపడుతూనే.

అమ్మాయి మైకు పక్క మనిషి ముందు పెట్టింది. లైట్లు మోసే ఆ మనిషి పెడ్నేకర్ వైపు చూడకుండా ఒక అడుగు పక్కకి జరిగాడు. "మా కూడు దోచుకోవద్దండీ," అన్నాడు, అట్ట చూసి చదువుతూ.

మ్హాత్రే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఏడాదితో పోయేదాన్ని..."

"ఎంతకి పెంచుతావ్?"

మ్హాత్రే అట్ట లాక్కుని, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాడు.